మినహాయింపు ఎవరికి?

మినహాయింపు అన్న మాట చెవిన పడగానే మనలో చాలామందికి మొహం విప్పారుతుంది. పన్నులో మినహాయింపు అంటే చేతిలో నాలుగు రాళ్ళు మిగులుతాయి. పరీక్ష ఫీజులో మినహాయింపు అంటే పిల్లవాడి తండ్రి హమ్మయ్య అనుకుంటాడు. ఉపవాసాల విషయంలో ముసలివాళ్ళకీ, నీళ్ళోసుకున్నవాళ్ళకీ మినహాయింపు వుందని ఇంట్లో పెద్దలే చెబుతారు. నెత్తిన పడవలసిన బరువుని ఎవరో దయతలిచి పక్కకి దించారన్న మాట.

కానీ ఇదే మాటకి ఇంకో మొహం వుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కొట్టతను పాత బాకీ మినహాయించుకుని మిగిలిన చిల్లర చేతిలో పెడతాడు. రాని రోజులకి పనిమనిషి జీతంలోంచి మినహాయించే ఇల్లాళ్ళు లేకపోలేదు (మనం కాదులెండి, పక్కింటివాళ్ళు). మాట ఒకటే. ఒకచోట మనకి మిగులుతుంది, ఇంకోచోట మన దగ్గర్నుంచి తరుగుతుంది. ఏది ఏదో తెలియాలంటే డబ్బు సంచీ ఎవరి చేతిలో వుందో చూడాలి.

అమెరికాలో కొడుక్కో కూతురికో వుద్యోగం వచ్చిన తల్లులు ఆఫర్ లెటరు ఇరుగుపొరుగులకి చూపించి మురిసిపోతూ వుంటారు. మురిసిపోవద్దని ఎవరంటారు? జీతం అంకె దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగుతారు. ఆ అంకెకి అటో ఇటో చిన్న మాట ఒకటి వుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఈ వుద్యోగం 'ఎగ్జెంప్ట్' హోదా కలది అని. ఎగ్జెంప్ట్ అంటే మినహాయింపే కదా, ఏ పన్నులోనో కాబోలు, పోనీలే మంచిదే అనుకుని కాగితం మడత పెట్టేస్తాం.

పన్నులో కాదు. ఓవర్‌టైములో.

దీని కథ కొంచెం చెప్పుకోవాలి. 1938 జూన్ 25న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కార్మికుల పని గంటల మీదా, కనీస వేతనం మీదా ఒక చట్టానికి సంతకం పెట్టాడు. దాని వెనక పట్టుదలగా నిలబడ్డావిడ కార్మికశాఖ చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్. ఆ దేశపు మంత్రివర్గంలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆవిడే. గంటకి కనీసం 25 సెంట్లు ఇవ్వాలన్నారు. వారానికి ఇన్ని గంటలని గీత గీశారు. మొదట 44 గంటలు, తర్వాత 42, 1940 నుంచి 40. ఆ గీత దాటి పనిచేయించుకుంటే ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. ఎంత మంచి మాట! అయితే అదే చట్టంలో ఇంకో ఖండం వుంది. అధికారం చెలాయించే మేనేజర్లకీ, ఆఫీసు వ్యవహారాలు నడిపే పెద్ద వుద్యోగులకీ, చదువు మీద బతికే వృత్తులవాళ్ళకీ ఇది వర్తించదని. తర్వాత తర్వాత కంప్యూటరు పని చేసే మన పిల్లల్లాంటి వాళ్ళు కూడా ఆ ఖండంలోకే వచ్చి చేరారు. వాళ్ళు వారానికి 40 గంటలు చేసినా 70 గంటలు చేసినా జీతం అదే.

ఇప్పుడు చెప్పండి, ఇందులో మినహాయింపు దొరికిందెవరికి? ఒకటిన్నర రెట్లు ఇవ్వవలసిన బరువు యజమానిది. ఆ బరువు దిగిందీ ఆయన నెత్తి మీంచే. 'మినహాయింపు పొందినవాడు' అన్న బిళ్ళ మాత్రం వుద్యోగి మెళ్ళో వేలాడుతోంది! బాకీ తీర్చనక్కర్లేదని అప్పు తీసుకున్నవాడికి మాఫీ చేసి, 'ఋణవిముక్తుడు' అని అప్పిచ్చినవాణ్ణి సన్మానించినట్టుంది.

మనం ఈ చిక్కులో పడం. ఎందుకంటే ఇంగ్లీషు మాటని ఇంగ్లీషులోనే వుంచేసి, "మావాడిది ఎగ్జెంప్ట్ అటండీ" అని దాటేస్తాం. అర్థం తెలియకపోయినా మాట పెద్దదిగా వినపడుతుంది కనుక గౌరవంగానే వుంటుంది. తెలుగులో పెట్టి చూడవలసిన అవసరం మనకెప్పుడూ రాలేదు. కానీ ఆ మాటని దాటి వెళ్ళడానికి వీల్లేనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళ వుద్యోగమే దాన్ని ఇంకో భాషలో పెట్టడం. అలాంటి భాషల్లో ఒకటి క్రొయేషియన్. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, 2021 జనాభా లెక్కల్లో 39 లక్షలకి లోపే మనుషులున్న చిన్న దేశం భాష. చిన్నదైతేనేం, 2013లో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు అక్కడి 24వ అధికార భాషగా పీట వేసి కూర్చోబెట్టారు. ఆ వైభోగం మన తెలుగుకి వుంటే ఎంత బావుండునని ఒక్కసారి అసూయ కలిగింది కూడా.

క్రొయేషియాలో కోర్టు దుబాసీలని ఒక తరగతివాళ్ళున్నారు. న్యాయస్థానం ముందు ప్రమాణం చేసి, గుండ్రటి ముద్ర పుచ్చుకుని, కాగితాలు అనువదించి, "ఇది మూలానికి సరిపోయినది" అని కింద రాసి ముద్ర వేస్తారు. రాజధాని జాగ్రెబ్‌లో అలాంటి ఒకావిడ వుందనుకోండి. పేరెందుకు, ఆవిడ నా వూహలోది. బల్ల మీద ఒక అమెరికా కంపెనీ వుద్యోగ ఒప్పందం వుంది. ఎవరో అమ్మాయి దాని మీద సంతకం పెట్టాలి. ఆ అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం, లేదా బాగా వచ్చినా అమెరికా చట్టం రాదు. ఈవిడ రాసిందే వేదం.

ఓవర్‌టైము దగ్గర ఇబ్బంది లేదు. క్రొయేషియన్‌లో 'ప్రెకొవ్రెమెని రాద్' అనే మాట ఇంటింటా వున్నదే. 'ప్రెకొ' అంటే దాటి, ఆవల. 'వ్రియెమె' అంటే కాలం. 'రాద్' అంటే పని. వేళ దాటిన పని. (వాళ్ళకి కాలానికీ, ఎండావానలకీ ఒకటే మాట, 'వ్రియెమె'. మనం మాత్రం 'కాలం బాగాలేదు' అన్నప్పుడు ఏ కాలమో వివరంగా చెప్పుకుంటున్నామా?)

తర్వాతి మాట దగ్గరే కలం ఆగుతుంది. ఎగ్జెంప్ట్‌కి ఆ భాషలో చటుక్కున తట్టేవి రెండు. ఒకటి 'ఒస్లొబొజెన్'. పన్ను లేనివాణ్ణీ, ఫీజు లేనివాణ్ణీ అలాగే అంటారు. ఆ మాట కడుపులో 'స్లొబొద' వుంది, అంటే స్వేచ్ఛ. ఆ మాటే రాస్తే ఏమవుతుందో చూడండి. 'వేళ దాటిన పని నుంచి విముక్తి పొందిన వుద్యోగిని' అవుతుంది. ఆ అమ్మాయి చదువుకుని, ఆహా, సాయంత్రం ఐదు దాటాక నన్నెవరూ వుండమనరన్న మాట, చంటిదాన్ని వేళకి తెచ్చుకోవచ్చు అనుకుంటుంది. అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. ఐదు దాటాక వుండమనవచ్చు, ఎనిమిది దాకా వుండమనవచ్చు, దానికి డబ్బివ్వనక్కర్లేదు. నిఘంటువు ప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. మనిషి ప్రకారం నిలువునా అబద్ధం.

రెండోది 'ఇజుజెత్'. అంటే వేరుగా తీసిపెట్టినది, విడిచిపెట్టినది. ఇది కాస్త నయం. స్వేచ్ఛ ఇస్తానని ఆశ పెట్టదు. కానీ దేన్నుంచి వేరు చేశారో చెప్పకపోతే ఇదీ గాలిలో దీపమే.

పోనీ వాళ్ళ చట్టంలోనే తయారుగా వున్న మాట దొరక్కపోతుందా అని చూద్దాం. 2014 నాటి క్రొయేషియా కార్మిక చట్టం పని గంటల సంగతి చాలా పట్టుగా రాసింది. పూర్తికాలపు పని వారానికి 40 గంటలు. వేళ దాటిన పనితో కలిపినా 50 మించకూడదు. సంవత్సరం మొత్తానికి అదనపు గంటలు 180, కార్మిక సంఘంతో ఒప్పందం వుంటే 250. అదనంగా పనిచేయమని యజమాని కాగితం మీద అడగాలి, ఆ గంటలకి పెంచిన జీతం ఇవ్వాలి. ఇంత చెప్పి, 88వ అధికరణంలో ఆ చట్టం కూడా కొందరిని బయట నిలబెట్టింది. వారపు గంటల హద్దూ, రాత్రిపని నియమాలూ, రోజువారీ విశ్రాంతీ వీళ్ళకి వర్తించనక్కర్లేదంది. ఎవరు వాళ్ళు? పెత్తనం చేసే పెద్ద వుద్యోగులు ఒకరు. బాగానే వుంది. రెండోవారెవరో తెలుసా? యజమానితో ఒకే ఇంట్లో కలిసి బతికే అతని కుటుంబ సభ్యులు!

ఇది చదివి నేను కాసేపు అలాగే వుండిపోయాను.

ఇది క్రొయేషియా వాళ్ళ సొంత తెలివి కూడా కాదు. యూరోప్ దేశాలన్నిటికీ కలిపి 2003లో చేసిన పని గంటల ఆదేశంలో 17వ అధికరణం వుంది. దేశాలు తలుచుకుంటే ఆ హద్దుల నుంచి తప్పించగలిగిన వాళ్ళలో మూడు రకాలవాళ్ళని పేరు పెట్టి చెప్పింది. సొంతంగా నిర్ణయాలు తీసుకునే మేనేజర్లు, కుటుంబంలో పనిచేసేవాళ్ళు, చర్చిల్లోనూ మతసంస్థల్లోనూ క్రతువులు జరిపించేవాళ్ళు. పెద్ద దొరగారు, ఇంటి ఇల్లాలు, పూజారిగారు. ముగ్గురినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. పూజారిగారిని గడియారం చూడమనడం ఎబ్బెట్టుగానే వుంటుంది, ఒప్పుకుంటాను. దొరగారు తన గడియారం తనే తిప్పుకోగలడు. మధ్యలో వున్నావిడ సంగతేమిటి?

క్రొయేషియన్‌లో ఇంటిని 'కుచా' అంటారు. ఇంట్లోంచి పుట్టిన మాట 'కుచానిత్సా', గృహిణి. మనకి ఇల్లు నుంచి ఇల్లాలు వచ్చినట్టే! ఎక్కడి జాగ్రెబ్, ఎక్కడి మన ఇల్లు, ఆడదానికి పేరు పెట్టవలసి వచ్చేసరికి రెండు జాతులవాళ్ళూ ఇంటి గోడకేసే చూశారు. చట్టంలో 'ఒకే కాపురం' అన్నచోట వాడిన 'కుచాన్‌స్త్వో' కూడా అదే వేరు నుంచి మొలిచింది. నిజమే, అక్కడ చెప్పింది ఇంటిపని గురించి కాదు, కుటుంబంవారి దుకాణంలోనో సత్రంలోనో జీతానికి పనిచేసేవాళ్ళ గురించి. కానీ దుకాణం వెనక గది వంటిల్లే అయినప్పుడు ఆ గీత ఎక్కడ గీస్తారో గీసి చూపించమనండి.

వీళ్ళందరినీ ఎందుకు బయట పెట్టారన్నదానికి ఆ ఆదేశమే కారణం చెప్పింది. పని స్వభావాన్ని బట్టి కాలం కొలవడానికి గానీ ముందుగా నిర్ణయించడానికి గానీ వీలుకాని వాళ్ళు, లేదా తమ కాలాన్ని తామే నిర్ణయించుకోగలవాళ్ళు అని. ఈ 'లేదా'ని రెండుసార్లు చదవండి. కొలవడానికి వీల్లేకపోవడం ఒకటి, తన చేతుల్లో వుండడం ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య సముద్రం వుంది. కంపెనీ డైరెక్టరు మధ్యాహ్నం మూడింటికి లేచి వెళ్ళిపోతే అడిగేవాడు లేడు. ఆయన కాలం ఆయన చేతుల్లో వుంది. మూడు నెలల పిల్లని పెంచే తల్లి కాలం కొలవడానికి అందదు, ఆమె చేతుల్లో అసలే వుండదు. అది ఆ పిల్ల చేతుల్లో వుంటుంది, ఆ తర్వాత అత్తగారి మందుల వేళల్లో, ఆయన క్యారేజీలో, మునిసిపాలిటీ కొళాయి వచ్చే వేళలో వుంటుంది. ఇద్దరి కాలానికీ లెక్క లేదు కదా అని ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే, ఒకరి దర్జాని ఇంకొకరి మీద శాలువాలా కప్పినట్టవుతుంది. శాలువా బాగానే వుంటుంది. కింద చలి అలాగే వుంటుంది.

ఆ చట్టానికి ఒక్క మెచ్చుకోలు మాత్రం ఇవ్వాలి. బయట పెట్టినవాళ్ళని వూరికే పెట్టలేదు. పని వేళలు నిర్ణయించుకోవడంలో తనకి స్వతంత్రం వుంటుందని యజమానితో ఒప్పందం చేసుకుంటేనే అంది. 'సమొస్తల్నొస్త్' అనే మాట వాడారు. 'సమ్' అంటే తాను, ఒంటరిగా. తన కాళ్ళ మీద తాను నిలబడడం అన్నమాట. ఇచ్చిపుచ్చుకోవడం వుంది అక్కడ. నీ గంటలు నేను లెక్కపెట్టను, నీ గంటలు నీవి.

మన దుబాసీగారికి ఇక్కడే పెద్ద ప్రలోభం. చట్టంలో వున్న మాట, న్యాయాధికారి చూసినా తప్పు పట్టలేని మాట, దాన్నే తెచ్చి పెట్టేస్తే పోలేదా? పోదు. అమెరికా చట్టం అడిగే ప్రశ్నలు వేరు. గంటల లెక్కన కాకుండా నెలజీతంలా ఇస్తున్నారా, ఆ జీతం వారానికి 684 డాలర్లకి తక్కువ కాకుండా వుందా, చేసే పని ఫలానా రకానిదా అని అడుగుతుంది. (ఆ 684ని పెంచుతూ 2024లో కొత్త నిబంధన తెచ్చారు. ఆ నవంబరులో టెక్సాస్‌లో ఒక ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది, అంకె మళ్ళీ పాతచోటికే వచ్చింది.) కంప్యూటరు వాళ్ళకి గంటకింతని ఇచ్చినా సరే, 27 డాలర్ల 63 సెంట్లకి తగ్గకపోతే చాలునంది. 1996లో రాసిన ఆ అంకె ఇవాళ్టికీ అదే! సాయంత్రం ఐదింటికి నువ్వు లేచి వెళ్ళిపోగలవా అన్న ప్రశ్న మాత్రం అందులో ఎక్కడా లేదు. ఆ ఒప్పందానికి 'సమొస్తల్నొస్త్' అనే మాట అతికిస్తే, కంపెనీ ఇవ్వని స్వతంత్రాన్ని ఈవిడ తన ముద్ర వేసి ఇచ్చినట్టవుతుంది.

అవతలివాళ్ళ మాట కూడా వినాలి. ఎగ్జెంప్ట్ వుద్యోగికి ఒక లాభం నిజంగా వుంది. వారంలో కొంత పనిచేశాక, ఒకరోజు రెండు గంటలు ముందు వెళ్ళిపోయిందని జీతం కోయడానికి వీల్లేదు. గంటకూలీకి ఆ భరోసా లేదు. అదీకాక, గంటలు లెక్కపెట్టుకోవడం కొన్ని పనులకి నప్పదని నాకూ అనిపిస్తుంది. డాక్టర్లనీ, టీచర్లనీ అమెరికా చట్టం ఆ ఖండంలోనే పెట్టింది, వాళ్ళకి జీతం అంకె పరీక్ష కూడా లేదు. మంచి టీచరుని పట్టుకుని, "అమ్మా, ఆ పిల్లవాడికి భిన్నాలు మళ్ళీ చెప్పిన ముప్పావుగంటకి బిల్లు వెయ్యి" అంటే నొచ్చుకుంటుంది. జ్వరంతో కాలే పిల్లవాడి పక్కన తెల్లవార్లూ కూర్చున్నందుకు ఒకటిన్నర రెట్లు కట్టిస్తామంటే, ఆ కట్టేవాడి మొహాన తలుపు వేస్తాం మనం.

కానీ నాకు తేలని సంగతి ఒకటుంది. లెక్క వద్దని అనవలసింది ఎవరు? ఇచ్చేవాళ్ళు "నాకు లెక్కలొద్దు" అంటే అది ప్రేమ, లేకపోతే వృత్తి మీద అభిమానం. పుచ్చుకునేవాళ్ళు ముందే కూర్చుని, "మీ ప్రేమకి లెక్కేమిటండీ, ఛ ఛ" అంటే దాన్నేమనాలి? ఇంట్లో అలాంటి మాటలు మనం వింటూనే వున్నాం. గృహలక్ష్మి, ఇంటికి దీపం, నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడుస్తుందా? ఇవన్నీ హోదాలే. అమెరికావాళ్ళూ అదే 'హోదా' అన్న మాట వాడారు చూశారా, ఎగ్జెంప్ట్ హోదా అని. ఓవర్‌టైము తప్పించుకోవడానికి కంపెనీలు హోదాలు ఎలా పంచుతున్నాయో ముగ్గురు పరిశోధకులు 2023లో లెక్క తీశారు. జీతం సరిగ్గా ఆ హద్దు దాటే చోట, మేనేజరు లాంటి పేరున్న వుద్యోగాల ప్రకటనలు దాదాపు 5 రెట్లు పెరిగిపోయాయట. ఆఫీసు ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించే అమ్మాయికి ఏం పేరు పెట్టారో తెలుసా? 'డైరెక్టర్ ఆఫ్ ఫస్ట్ ఇంప్రెషన్'! తొలిచూపుల డైరెక్టరుగారన్న మాట. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బిరుదు చూసి ఎవరూ ఎగ్జెంప్ట్ అయిపోరు, చేసే పనే చూడాలని అక్కడి నిబంధనల్లోనే వుంది. ఆ సంగతి ఎదురు తిరిగి అడిగినవాళ్ళకి కదా పనికొచ్చేది.

పనివాళ్ళలో ఇంకా కింద వున్నవాళ్ళకి ఆ బిరుదు కూడా దక్కలేదు. 1938లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళని చట్టం అసలు లెక్కలోకే తీసుకోలేదు. వాళ్ళలో చాలామంది నల్లజాతి స్త్రీలు. 1974 సవరణ దాకా వాళ్ళకి ఆ కనీస వేతనం కూడా లేదు. యజమాని ఇంట్లోనే వుండి పనిచేసే మనిషికి ఫెడరల్ చట్టం ప్రకారం ఇవాళ్టికీ ఓవర్‌టైము లేదు. ఒకే కప్పు కింద వుంటే గంటలు కనపడవు కాబోలు.

మళ్ళీ జాగ్రెబ్ వెళదాం. అక్కడ కలం పట్టుకుని కూర్చున్నావిడ ఏం చెయ్యాలి? న్యాయం చెప్పడం ఆవిడ పని కాదు అనేవాళ్ళుంటారు. అదీ నిజమే. ఈ ఒప్పందం అన్యాయం అని రాయడానికి ఆవిడకి హక్కు లేదు, ప్రమాణం చేసింది అందుకు కాదు. మూలంలో మసగ్గా వున్నదాన్ని మసగ్గానే వుంచాలి, తేటపరచకూడదు అనే నియమం కూడా దుబాసీల్లో వుంది. నేను చాలాసేపు ఆ వైపే మొగ్గాను. తర్వాత ఒకటి తట్టింది. ఈ మాట మసక ఎవరికి? అమెరికాలో జీతాల చిట్టా రాసే గుమాస్తాకి ఎగ్జెంప్ట్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కంపెనీ వకీలుకీ తెలుసు. వాళ్ళకి అది గాజుపలకలా తేటగా వుంది. తెలియంది సంతకం పెట్టే అమ్మాయికొక్కదానికే. అలాంటప్పుడు లోపలివాళ్ళకి తెలిసిన అర్థాన్ని బయటి అమ్మాయికి అందించడమే అనువాదం, వివరణ అనుకుని వెనకాడనక్కర్లేదు. అందుచేత ఆవిడ 'ఒస్లొబొజెన్'ని కొట్టేసి, ఒక సాదా వాక్యం రాయాలి. 'అమెరికా చట్టం ప్రకారం, అదనపు గంటలకి వేతనం కోరే హక్కు లేని వుద్యోగం' అని. పక్కనే మూలంలోని ఇంగ్లీషు మాటని వున్నదున్నట్టు పెట్టి, అడుగున దుబాసీ గమనిక అని నాలుగు మాటలు చేర్చాలి.

కంపెనీవాళ్ళు ఫోను చేస్తారు. "అమ్మా, మా కాగితంలో 'హక్కు లేని' అన్న ముక్క ఎక్కడుంది? మేం రాసింది మినహాయింపు అని కదా" అంటారు. ఆవిడ ఏం చెబుతుందో నేను వినాలనుకుంటున్నాను. మీరు రాసింది అదేనండీ, ఇంగ్లీషులో, అంటుందేమో.

చిత్రమేమిటంటే ఆ అమ్మాయి జాగ్రెబ్‌లోనే కూర్చుని ఆ అమెరికా కంపెనీకి పనిచేసేటట్లయితే ఈ మాటకి అక్కడ బలం దాదాపు వుండదు. ఒప్పందంలో ఏ దేశపు చట్టం రాసుకున్నా, ఎక్కడ రోజూ పనిచేస్తుందో అక్కడి చట్టం ఇచ్చిన రక్షణని దానితో పోగొట్టుకోనక్కర్లేదని యూరోప్‌లో 2008 నాటి నియమం వుంది. ఆ 50 గంటలూ, 180 గంటలూ, పెంచిన జీతమూ ఆమెకి వుంటాయి. అదే అమ్మాయి పెట్టె సర్దుకుని విమానం ఎక్కి, క్రొయేషియావాళ్ళు ఏనాటి నుంచో కాపురాలున్న కాలిఫోర్నియాలోని శాన్ పెద్రోకో, ఇంకెక్కడికో వెళితే మాత్రం అమెరికా చట్టాలే ఆమె గంటల్ని చూసుకుంటాయి. ఒకే కాగితం, ఒకే మాట. సముద్రానికి ఈ ఒడ్డున ఉత్త శబ్దం, ఆ ఒడ్డున చంటిదాన్ని ఎవరు తెచ్చుకుంటారన్న ప్రశ్న. ఈ రెండు ఒడ్డుల సంగతీ ఆ అడుగు గమనికలో ఇమడాలి.

తెలుగులో ఎవరైనా ఇదే పని చెయ్యవలసి వస్తే ఏం రాస్తారా అని ఆలోచించాను. 'అదనపు పని వేతనం నుంచి మినహాయింపు గల వుద్యోగి' అని రాస్తారు, ఆఫీసు తెలుగు అలాగే వుంటుంది కనుక. విచిత్రంగా అది అంత తప్పుగా కూడా కనపడదు. మన మాటలో ఆ రెండో మొహం వుంది కదా, కొట్టతను బాకీ పట్టుకునే మొహం. 'జీతంలోంచి మినహాయించారు' అన్నప్పటి అర్థంలో చదివితే సరిగ్గా జరిగిందేమిటో అదే చెబుతోంది. చదివే తల్లికి ఏ మొహం కనపడుతుందన్నదే చిక్కు. ఆఫర్ లెటరు చేతిలో వున్న సంతోషంలో మొదటి మొహమే కనపడుతుంది. కనుక తెలుగులోనూ ఆ సాదా వాక్యమే రాయమని నేను పోరతాను, కొంచెం పొడుగైనా.

పొడుగంటే గుర్తొచ్చింది. క్రొయేషియాలో కోర్టు దుబాసీలకి డబ్బు పేజీ లెక్కన ముడుతుంది. పేజీ అంటే ఖాళీలతో సహా 1500 అక్షరాలు. ఒక్క మాట బదులు వాక్యమూ, గమనికా రాసినందుకు ఆవిడకి పేజీలో ఓ మూలకి సరిపడా అక్షరాలు పెరుగుతాయి, నాలుగు సెంట్లు అదనంగా వస్తే రావచ్చు. ఆ మాట దగ్గర కలం ఆపి, వాళ్ళ చట్టమూ వీళ్ళ చట్టమూ తిరగేస్తూ కూర్చున్న గంటన్నరని ఎవరూ ఏ అక్షరాల కిందా రాయరు. ముద్ర వేసి, కాగితాలు కవరులో పెట్టి, వంటింట్లో పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన సూప్ సంగతి చూడ్డానికి లేస్తుంది.